అందరిళ్ల బియ్యం

మా అమ్మ ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కొలిచాక ఒక పిడికెడు వెనక్కి తీసి గూట్లో ఉన్న పాత పాలపిండి డబ్బాలో వేసేది. పూటకొక పిడికెడు. అది దేవుని బియ్యం. ఆదివారం నాడు డబ్బాను గుడ్డసంచిలోకి ఒంపుకుని చర్చికి తీసుకుపోయేది. మా ఊరి చర్చిలో ఆడవాళ్లందరూ అంతే. కానుకల పాట మొదలవగానే లేచి, ముందు కూర్చున్న సంఘపెద్ద సత్యమ్మ గంపలో ఎవరి సంచి వాళ్లు కుమ్మరిస్తారు. నిండిన గంపలో కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి పోతుంది, కొంత ఆ వారం గడవని ఇంటికి పోతుంది.

గడవని ఇల్లు ఏదో తెలియడానికి ఒక పద్ధతుంది. మావాళ్లెవరూ నోరు తెరిచి అడగరు. ఉత్త సంచితో వస్తారు. అందరిలాగే గంప దగ్గరికి నడిచి, ఉత్త సంచిని తిరగేసి ఒకసారి దులిపి, పోయి తమ చోట్లో కూర్చుంటారు. సత్యమ్మ అప్పుడేమీ అనదు. సాయంత్రం ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి, "ఏం సంగతి బిడ్డా?" అంటుంది. బియ్యం కోసమే కాదు, రోగమొచ్చినా, ఇల్లు కూలినా మాకు అదే దారి. అడుక్కున్నట్టూ ఉండదు, అడగకుండానూ పోదు. ఆ పద్ధతి పెట్టిందెవరో గానీ తెలివైన మనిషి. మా అమ్మలాంటివాళ్లు కూడా ఉంటారని మాత్రం ఆలోచించలేదు.

నిరుడు శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు మేము ఉపవాసాలుండే రోజుల్లో జరిగింది ఇది. మా బాపు ముత్యం బాన్సువాడ అవతల ఒక రైస్‌మిల్లులో హమాలీ. నేను బాన్సువాడ బస్టాండు పక్కన వెంకట్రాములు సేటు ఎరువుల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొడతాను. అమ్మ గంగమణి నాట్లకూ కలుపుకూ పోయేది. ముగ్గురం కష్టపడితే మూడు పూటలు తినే ఇల్లు. అలాంటి ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇద్దరు పడ్డట్టే, ఎందుకంటే పడ్డవాళ్ల దగ్గర ఇంకొకరు కూర్చోవాలి.

మిల్లులో బస్తాలు లాగే కొక్కెం బాపు మడమలో దిగింది. పెద్ద దెబ్బేమీ కాదు. పసుపు అద్ది, గుడ్డపీలిక చుట్టుకుని మర్నాడు పనికి పోయాడు. పుండు మాత్రం మానలేదు. ఆయనకు షుగర్ ఉందని మాకెవరికీ తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా రక్తపరీక్ష చేయించుకుంటే కదా తెలిసేది! దవాఖానలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. ముక్కు మూసుకోలేదు, అది ఆమె మంచితనం. నన్ను పక్కకు పిలిచింది.

"పట్నం తీసుకపోండమ్మా. ఇప్పుడైతే పాదం దాకనే ఉంది. పైకెక్కితే మనిషి దక్కడు."

"ఎన్ని రోజుల్ల పోవాలె మేడం?"

"రోజులు అడగకు. ఎంత జల్దీ పోతే అంత మంచిది."

ఆపరేషన్ సర్కారు ఆరోగ్య కార్డు మీద ఉచితంగా అవుతుందన్నారు. ఆపరేషన్ ఒక్కటే అవుతుంది. మనిషిని పడుకోబెట్టి తీసుకుపోయే బండి, అక్కడ నెలల తరబడి పక్కన ఉండేవాళ్ల తిండి, బయటికి రాసే మందులు, ఇవేవీ కార్డు మీద రావు. నా జీతం ముందే వాడేసుకున్నాం. సేటు ఒకసారి అడ్వాన్సు ఇచ్చాడు, రెండోసారి అడిగితే ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఇక మిగిలింది సత్యమ్మ గంపే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనే అన్నాను. "అమ్మా, ఆదివారం ఉత్త సంచి తీసుకపో."

బాపు కాలు అమ్మ ఒళ్లో ఉంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రపోయాడనుకున్నాం.

"ఎందుకు? మనింట్ల బియ్యం లేవా?"

"బియ్యం ముచ్చట కాదమ్మా..."

"నాకు ఎరుకే ఏం ముచ్చటో. నోరు మూసుకొని కూసో."

అమ్మ భయమేమిటో నాకు తెలుసు. అంతకు రెండేళ్ల ముందు, తండా నుంచి మా చర్చికి వచ్చే లచ్చి ఉత్త సంచి దులిపింది. ఆమె మనవడికి గుండెలో రంధ్రం. ఆ వారంలోనే ఇంటింటా చందా వేసుకుని పిల్లవాడిని పట్నం పంపారు. వాడిప్పుడు బడికి పోతున్నాడు. అదంతా బాగానే ఉంది. కానీ చర్చి నుంచి ఇళ్లకు నడిచొచ్చే దారి ఒకటుంటుంది కదా. ఆ దారిలో ఆడవాళ్లు, "చెవులకు కమ్మలు పెట్టుకొని మరీ సంచి దులిపింది సూడు" అని మూతులు తిప్పారు. ఆ మాట ముందు అన్నది మా అమ్మే. మిగతావాళ్లు అందుకున్నారు. చెయ్యి చాపినవాళ్ల మీద ఊరి నోరు ఎలా పడుతుందో అమ్మకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తన నోరు తనకు తెలుసు.

శనివారం సాయంత్రం ఆమె డబ్బా ఒంపుతుంటే చెయ్యి పట్టుకున్నాను. రేషను కోటా బియ్యం అయిపోవచ్చాయి. పొద్దున ముగ్గురం గంజి తాగాం, ఆ గంజిలో మెతుకులు వెతుక్కోవలసి వచ్చింది. డబ్బా మాత్రం నిండుగా ఉంది.

"ఇది మనది కాదే. దేవునిది," అంది.

"దేవునికి ఆకలైతదా?"

"నీకు చదువెక్కువై మాటలొస్తున్నయి."

"బాపు వేళ్లు నల్లగైతున్నయమ్మా. నీకు కనవడ్తలేదా? ఒక్క ఆదివారం ఉత్త సంచి దులిపితే నీదేం పోతది?"

"కోతలు మొదలైతే మిల్లోళ్లు పిలుస్తరు. గప్పటిదాక పుండు మానుతది. నేను ప్రార్థన చేస్తలేనా?" అని సంచి మూతి గట్టిగా ముడేసింది. "బయట ఎవ్వలకన్న చెప్పినవో, నా మీదొట్టు."

ఒట్టు పెట్టడం పాపమని, బైబిల్లో రాసి ఉందని నాకు చిన్నప్పటి నుంచీ చెప్పిన మనిషి ఆమె.

నేను ఆ ఒట్టు ఒక్క రాత్రికి మించి ఉంచలేదు. ఆదివారం అందరికన్నా ముందుపోయి, మైకు సరిచేసుకుంటున్న అయ్యగారి దగ్గర నిలబడ్డాను. వినోద్‌కుమార్ అయ్యగారు మా చర్చికి కొత్త, వర్ని వైపు నుంచి వచ్చాడు. వయసు చిన్నది, మనసు మంచిది.

"అయ్యగారూ, మా బాపును పట్నం తీసుకపోవాలన్నరు. మాతోని ఐతలేదు."

ఆయన మైకు వదిలేశాడు. "గింత కష్టముంటే ముందే చెప్పొద్దా బిడ్డా? మీ అమ్మ వారం వారం బియ్యం తెస్తుంది గదా, మీకు నడుస్తుందనుకున్న. ఉండు, ఆరాధన ఐనంక మీ అమ్మతోని మాట్లాడుత."

నాకు సగం బరువు దిగింది. కానుకల పాటలో అమ్మ లేచి వెళ్లి సంచి కుమ్మరించింది. బియ్యం చాలాసేపు పడ్డాయి. సత్యమ్మ చేతికి తూకంరాయి అవసరం లేదు, సంచి కింద చెయ్యి పెడితే చాలు.

"ముత్యం పండుకున్నా గంగమణి సంచి తక్కువైతలేదు. ఇంకింత బరువైంది," అంది అందరికీ వినబడేలా. "విశ్వాసమంటే గిదమ్మా. దేవుడు ఆ ఇంటిని దీవిస్తుండు."

ఆ బరువు ఎక్కడిదో నాకు తెలుసు. ఇంట్లో లేమిని సత్యమ్మ చెయ్యి ఎక్కడ కనిపెడుతుందోనని, అమ్మ ఆ మధ్య పూటకు రెండు పిడికిళ్లు తీస్తోంది. నా కళ్లతో చూశాను. మా కంచాల్లోది తగ్గుతున్నకొద్దీ దేవుని డబ్బా నిండుతోంది. నాకు అక్కడే లేచి అరవాలనిపించింది. అయ్యగారు మాట్లాడతానన్నాడు కదా అని ఓర్చుకున్నాను.

ఆరాధన అయ్యాక ఆయన గుమ్మంలోనే అమ్మను ఆపాడు. "గంగమణక్కా, ముత్యమన్నకు ఎట్లుంది? ఏమన్న అవసరముంటే దాచిపెట్టకు. మనోళ్లమే గదా అందరం."

అమ్మ నన్నొకసారి చూసింది. గుమ్మం పక్కన ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్లలో లచ్చి ఉంది. అమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"దేవుని దయ అయ్యగారూ. మానుతుంది. ఇది చిన్నపిల్ల, ఊకెనే భయపడుతది."

"నిజంగనేనా అక్కా?"

"మాకేం తక్కువైంది?"

ఆయన నా వైపు చూశాడు. తల్లి మాట కాదని పిల్ల మాట ఎలా పట్టుకుంటాడు? పైగా ఇందాకే గంపలో పడ్డ బియ్యం ఆయనా చూశాడు. "అట్లయితే సంతోషం. ప్రార్థన చేద్దాం," అని ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. బాగా చేశాడు.

ఇంటికి వచ్చాక అమ్మ ఒక మూల, నేనొక మూల కూర్చున్నాం. మా ఇద్దరి మధ్య బాపు మంచం మీద పడుకుని, ఇటోసారి అటోసారి చూశాడు.

శ్రమల దినాల్లో ఆకలి ఎవరికీ కనబడదు. ఊళ్లో సగం మంది మావాళ్లు ఉపవాసాలతో ఎండిపోయే ఉంటారు. "ఉపాసమా అక్కా?" అని ఎవరైనా అడిగితే అమ్మ "ఉపాసమే" అనేది. అబద్ధం కాదు. బయట కాలువ కింద యాసంగి వరి పండుబారింది. మద్నూర్ వైపు నుంచి కోత మిషన్లు లారీల మీద దిగుతున్నాయి. ఇంట్లో పొద్దస్తమానం ఫినాయిల్ వాసన. అమ్మ గచ్చు కడిగి కడిగి చేతులు పాసిపోయాయి. ఎంత కడిగినా ఆ కాలి వాసన ఫినాయిల్ కింది నుంచి వచ్చేది. బాపుకు జ్వరం తగలడం మొదలైంది. నేను దుకాణంలో యూరియా బిల్లులు కొడుతూ, ఫోన్ మోగితే చాలు బిల్లు వదిలేసి అందుకునేదాన్ని.

ఒకరోజు లచ్చి వచ్చింది. కొంగులో ఇంత తోటకూర పట్టుకుని వాకిట్లో నిలబడింది. అమ్మ లోపలికి రమ్మనలేదు. వాసన ఆమెకు అక్కడికే తగిలి ఉంటుంది. లచ్చి పొయ్యి వైపు చూసింది. పొయ్యి చల్లగా ఉంది.

"గంగమణీ, సంచి దులిపితే మనిషి చావదు. నేను సచ్చిన్నా?" అంది మెల్లగా.

"మాకు గంత ఖర్మేం పట్టలే."

లచ్చి తోటకూర అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ పూట మేము ఉప్పేసి ఉడికించుకుని తిన్నది ఆ కూరే.

ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు నాకు పని లేదు. అమ్మ బాపు కట్టుగుడ్డలు ఉతకడానికి కాలువకు పోయింది. బాపు నన్ను దగ్గరికి పిలిచాడు. జ్వరంలో కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మాట తేటగానే ఉంది.

"కృపా, గూట్ల డబ్బ దించు."

"అవి దేవుని బియ్యం బాపూ."

"దేవుడు నలభై దినాలు పస్తున్నడంట గదా. ఇంకో పూట ఉంటే ఏం గాదు. అలవాటున్న మనిషి."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. నవ్వుతుంటే కాలు కదిలి నొప్పితో పళ్లు బిగించాడు. మళ్లీ నవ్వాడు.

"మొత్తం వండు. ఒక్క గింజ ఉంచకు. తొక్కుంటే ఇంత ఏసుకరా."

"అమ్మ సంపుతది."

"నా పేరు చెప్పు. నాకు అంతా ఎరుకేనే. ఆటోల కెళ్లి వింటనే ఉన్న." కాసేపు పైకప్పు రేకుల వైపు చూశాడు. "మీ అమ్మకు సిగ్గుంటే ఉండనియ్యి. నాకు సిగ్గు లేదు. నాకు బతకాలనుంది బిడ్డా."

నేను డబ్బా దించాను. మొత్తం వండాను. ఆయన రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. నాకూ కలిపి ముద్ద పెట్టాడు. నాకు పెట్టేటప్పుడు ఆయన చెయ్యి కాలిపోతోంది. అంత రుచైన అన్నం నేను అప్పటిదాకా తినలేదు, ఆ మాట చెప్పడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

అమ్మ తడిబట్టల గంపతో వచ్చింది. గిన్నె చూసింది, గచ్చు మీద బోర్లించిన డబ్బా చూసింది. తిడుతుందని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె గడప మీద కూర్చుంది. గంప పక్కన పెట్టి బాపు వైపు తిరిగి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

"సరిపోయింది," అన్నాడు బాపు.

ఆమె లేచి, ఆ సాయంత్రమే గుడ్డసంచిని సబ్బుపెట్టి ఉతికి దండెం మీద ఆరేసింది.

మట్టల ఆదివారం నాడు పిల్లలు ఈతమట్టలు పట్టుకుని ఊరంతా పాడుకుంటూ వచ్చారు. కానుకల పాటలో అమ్మ తన వంతు వచ్చేదాకా కూర్చోలేదు, ముందే లేచింది. గంప దగ్గర నిలబడి సంచి తిరగేసి దులిపింది. ఉతికిన సంచి, అందులోంచి ఒక్క గింజ కూడా రాలలేదు. ఎప్పటిలాగా బరువు చూద్దామని కింద పెట్టిన సత్యమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. అమ్మ తిరిగొచ్చి కూర్చుంది. తలెత్తలేదు. వెనక వరసలోంచి లచ్చి లేచొచ్చి, అమ్మ పక్కనున్నవాళ్లను జరగమని, అక్కడ కూర్చుంది.

సత్యమ్మ సాయంత్రం దాకా ఆగలేదు. ఎండలోనే వచ్చింది. బాపు కట్టు తనే విప్పి చూసింది. నలుపు పిక్క దాటి మోకాలు పట్టింది. ఆమె అమ్మ భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది.

"గింత బరువు సంచి తెచ్చి నా చేతుల పోసినవు గదనే! దీవెన అనుకున్న గదనే నేను! మైకుల చెప్పినట్టు చెప్పిన గదనే అందరికి!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. నిలబడి దెబ్బ తిన్న భుజం రుద్దుకుంటోంది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. ఇన్ని వారాలు ఎవరికీ పట్టని ఇల్లు నిమిషాల్లో నిండిపోయింది. అడగకముందే ఇచ్చారు, లేనివాళ్లు పక్కింట్లో అప్పు చేసి ఇచ్చారు. పోరగాళ్లు ఫోన్లలో గ్రూపులన్నిటికీ పెట్టారు. మా చర్చి కానివాళ్లు కూడా ఇచ్చారు. అయ్యగారు నా ముందు నిలబడి, "నీ మాట వినాల్సింది బిడ్డా," అన్నాడు. తెల్లవారేసరికి బండి వాకిట్లో ఉంది. ముందు సీట్లో అయ్యగారు, వెనక బాపు, అమ్మ, నేను.

దారంతా బాపు మగతగా ఉన్నాడు. మెదక్ దాటాక ఎండ ఎక్కింది. నర్సాపూర్ అడవిలోకి వచ్చేసరికి చెట్ల నీడ పడి, కిటికీలోంచి చల్లటి గాలి తగిలింది. బాపు కళ్లు తెరిచాడు.

"మంచిగుంది," అన్నాడు.

అమ్మ ఆయన నుదుటి మీది చెమట కొంగుతో తుడిచింది. ఆ అడవి దాటేసరికి ఆయన లేడు. అయ్యగారు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, బైబిలు గుండెకు హత్తుకున్నాడు. బండి రోడ్డు పక్కన ఆగింది. డ్రైవరు స్టీరింగు వదలకుండా, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఎటు తిప్పాలె అక్కా?"

"ఇంటికే," అంది అమ్మ.

బాపు కోసం పోగైన సాయం శవపెట్టెకూ సమాధికీ పనికొచ్చింది. అందరూ వచ్చారు, అందరూ మట్టి వేశారు. మిల్లు హమాలీలు కొక్కేలు భుజాన వేసుకునే వచ్చి, పెట్టె మోశారు. మనిషి ఉండగా చెప్పి ఉంటే ఆ భుజాలే ఆయనను బండెక్కించేవి. ఈ మాట నేను అమ్మతో ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం లేదు, ఆమె ముఖంలో ఆ మాట రాత్రీ పగలూ కనబడుతూనే ఉంది.

ఈస్టరు నాడు గంట కొట్టారు. మేము పోలేదు. ఆరాధన అయ్యాక సత్యమ్మ గంపను గంపలాగే మా ఇంటికి పంపింది. అయ్యగారి వాటా కూడా తీయలేదు. దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చింది లచ్చి. గంప దించి, కొంగు నడుముకు చుట్టి, మమ్మల్ని అడగకుండానే పొయ్యి ముట్టించింది.

అమ్మ గంప ముందు కూర్చుని బియ్యంలో చెయ్యి పెట్టింది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, కోటా బియ్యం, ఎవరింట్లోవో ఉప్పుడు బియ్యం, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లు ఆ గంపలో పోయడమే గానీ, అందులోంచి తీసుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

"ఇవి ఎట్ల ఉడుకుతయి లచ్చక్కా?" అంది.

"సగం మెత్తగైతయి, సగం పలుకుంటయి. మేం తినలేదా? రెండు పూటలైతే అలవాటైతది."

అమ్మ బియ్యం గిన్నెలోకి తీసి కడిగింది. తల ఎత్తకుండానే, "లచ్చక్కా, గప్పుడు నీ కమ్మల ముచ్చట... నేనొక మాటన్న," అంది.

"ఎరుకే. నీ ఎనకనే నడుస్తున్న గప్పుడు," అంది లచ్చి. పుల్లలు ఎగదోసింది. "ఎసరు మసులుతుంది, బియ్యం ఎయ్యి."

అమ్మ గిన్నె ఎత్తింది. ఎత్తి, ఏళ్ల అలవాటు కొద్దీ అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసింది. గూటి వైపు చూసింది. గూట్లో డబ్బా లేదు. నేను దించిన రోజు నుంచీ అది గచ్చు మీదే బోర్లా పడి ఉంది. తడి బియ్యం పిడికిట్లో పట్టుకుని అమ్మ అలాగే కూర్చుండిపోయింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నేను ఇవతలి నుంచి "అమ్మా" అన్నాను. వినలేదు.

లచ్చి జరిగి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఎసరు మీదికి తెచ్చి, ఒక్కో వేలూ విప్పింది. బియ్యం ఎసట్లో పడ్డాయి. అప్పుడు ఏడ్చింది మా అమ్మ.

అన్నం లచ్చి చెప్పినట్టే ఉడికింది, సగం మెత్తగా, సగం పలుకుగా. ముగ్గురం కూర్చుని తిన్నాం.